ఊక మూట కింద గుడ్డు

మధ్యాహ్నం భోజనాలయ్యాక నా మనవరాలు లావణ్య గుడ్లు పొదిగే యంత్రం మూత ఎత్తింది. లోపలి వెచ్చటి తేమ నా ముఖానికి కొట్టింది. సున్నం వేసిన గోడ మీద నీళ్ళు చల్లితే వస్తుందే, అలాంటి వాసన. యంత్రానికి ఒక చిన్న అద్దం, అందులో ఎర్ర అంకెలు. వేడి ఎంతుందో అదే చెబుతుంది, గుడ్లను అదే దొర్లిస్తుంది, నీళ్ళు తగ్గితే కుయ్యిమని అరుస్తుంది. నేను అంకెల వైపు చూడలేదు. నా చెయ్యి తనంత తానే ఒక గుడ్డును తీసి, మూసిన కంటి రెప్ప మీద ఆనించింది.

"ఏటి మామ్మా, కళ్ళకద్దుకుంటన్నావు? పెసాదమేటి?" అని లావణ్య నవ్వింది.

"ఏడి సూత్తన్నాను."

"అంకెలున్నాయి కదా!"

"అంకెలు నీకు. రెప్ప నాకు" అన్నాను. అరచెయ్యి అంట్లు తోమీ, పేడ ఎత్తీ మొద్దుబారిపోతుంది. దానికి వేడీ తెలియదు, చల్లనా తెలియదు. రెప్ప మీద చర్మం పుట్టినప్పుడు ఎలా ఉందో చచ్చేదాకా అలాగే ఉంటుంది. గుడ్డు రెప్పకు హాయిగా తగిలితే సరిపోయినట్టు, చురుక్కుమంటే ఎక్కువైనట్టు, అసలు తెలియకపోతే చల్లారిపోయినట్టు. ఇది నా తెలివి కాదు. పోలమ్మప్పది. ఆమె దగ్గరుండే చుక్కల కోళ్ళు ఇప్పుడు ఎవరి పెరట్లోనూ లేవు. ఒక్క పెట్ట మిగిలి ఉంటే ఈపాటికి కాలనీ నిండా ఉండేవి. ఆ ఒక్కటి ఎందుకు మిగల్లేదో నాకు తెలుసు. నేను చదివింది మూడో తరగతి. అయినా ఈ సంగతి ఎవరి చేతో రాయించకుండా నేనే రాద్దామని కూర్చున్నాను.

మా పాత ఊరు భోగాపురం అవతల, సముద్రపు గాలి తగిలే చోట, జీడి తోటల మధ్య ఉండేది. విమానాలు దిగడానికి ఆ నేల కావలసి వచ్చి, అందరం కాలనీకి వచ్చేశాం. పాత ఊళ్ళో మా పెరడుకీ పోలమ్మప్ప పెరడుకీ మధ్య తాటాకుల దడి ఒక్కటే అడ్డు. అప్ప అంటే మా వైపు అక్క. నాకంటే పద్దెనిమిదేళ్ళు పెద్దది. పొడుగాటి మనిషి, వెడల్పాటి పాదాలు, దడి అవతల గుసగుసలాడినా ఇవతల వినపడే గొంతు. పుట్టిల్లు శ్రీముఖలింగం పక్కన, వంశధార ఒడ్డున. పెళ్ళయి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ కోడి పెట్టిన గుడ్లు పదకొండు, చోళ్ళు, అంటే రాగులు, నింపిన కుండలో గుచ్చి తెచ్చుకుందట. ఆమదాలవలసలో రైలెక్కి, విజయనగరంలో దిగి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద ఒళ్ళో కుండతో వచ్చింది.

"గిన్నెలేయే అనడిగినాది మా అత్త. గిన్నెలు పిల్లల్నెట్టవు కదా అన్నాను. ఆ రోజు మొదలు నాతో మాటాడ్డానికి భయపడీది" అని చెప్పి, తనే ముందు నవ్వేది. వచ్చిన రోజే ఆ గుడ్లను కోడి కింద పెట్టలేదు. ఒక రోజంతా కుండను మూలలో పెట్టి, ఎవరినీ కదపనివ్వలేదు. "రైలెక్కిన గుడ్డుకి తల తిరుగుతాది. కుదురుకోనియ్యాల" అనేది. ఆ పదకొండింటిలో తొమ్మిది లేచాయి. నలుపు మీద తెల్ల చుక్కలు చల్లినట్టుండే కోళ్ళు. అరవై ఏళ్ళకు పైగా ఆమె పెరట్లో తిరిగినవన్నీ వాటి సంతానమే.

ఆమె నాకు దగ్గరైంది ఒక కంపు వల్ల. నాకు పదహారేళ్ళు, కొత్త కోడలిని. మా అత్తగారు పదమూడు గుడ్లిచ్చి, పొదుగుకొచ్చిన కోడి కింద పెట్టమంది. మా అమ్మ నన్ను శుభ్రంలో గట్టిగా పెంచింది. గుడ్ల మీద మట్టి, ఒకదాని మీద రెట్ట మరక. వాటిని అలాగే పెట్టడానికి నాకు మనసొప్పలేదు. గోరువెచ్చటి నీళ్ళలో వేసి, కుంకుడు రసంతో, కొబ్బరి పీచుతో ఒక్కొక్కటీ తోమాను. మల్లెమొగ్గల్లా వచ్చాయి. చూసుకుని మురిసిపోయాను కూడా. ఇరవై ఒక్క రోజులయింది. ఇరవై నాలుగయింది. ఒక్క పిల్ల లేవలేదు. ఇరవై ఐదో రోజు ఒక గుడ్డు ఢప్పుమని పేలి, ఆ కంపుకు కోడి కూడా లేచి పారిపోయింది. మా అత్తగారు వాకిట్లో నిలబడి, నా చెయ్యి మంచిది కాదనీ, ఇకమీదట కోళ్ళ జోలికి రావద్దనీ నలుగురికీ వినబడేలా చెప్పింది. కాపురానికి వచ్చిన నాలుగో నెలలో చెయ్యి మంచిది కాదనిపించుకున్న పిల్ల బతుకు ఎలా ఉంటుందో ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. నేను గాదె వెనక కూర్చుని ఏడుస్తున్నాను.

పోలమ్మప్ప దడి సందులోంచి దూరి వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. తిన్నగా గూటి దగ్గరికి పోయి, పగలని గుడ్డొకటి తీసి, గోటితో రాసి, వాసన చూసి, నన్ను పిలిచింది.

"ఒసే పిల్లా, ఏటి సేసినావు దీన్ని?"

"కడిగినాను."

"ఏటితోటి?"

"కుంకుడుకాయితోటి."

ఆమె నవ్విన నవ్వుకు దడి మీది కాకులు లేచిపోయాయి. "ఓలమ్మో! తలంటు పోసినావేటే గుడ్లకి! సాంబ్రాణి పొగ కూడా ఎయ్యలేకపోనావా?" తరవాత గుడ్డును నా చేతిలో పెట్టి, మెల్లగా చెప్పింది. "గుడ్డు మీద సన్నటి పొరుంటాది. కంటికి అగుపడదు. కోడి కడుపులోంచి వచ్చినప్పుడే అది కట్టుకొస్తాది. నువ్వు కడిగీసి, దాని బట్ట ఒలిచీసినావు. ఇంక మురుగు లోపలికి ఎల్లదేటి? మట్టుంటే పొడిగుడ్డతో తుడు. రెట్టుంటే ఆ గుడ్డు కూరకి. నీళ్ళు మాత్రం తగలనీకు." మా అత్తగారి వైపు తిరిగి, "పిన్నీ, పిల్ల సెయ్యి సెడ్డది కాదు. మరీ సుబ్బరం. అదీ రోగమే గానీ కుదురుతాది" అంది. మా అత్తగారికి కోపం వచ్చింది కానీ నవ్వూ వచ్చింది. నవ్వు బయటికొచ్చేసింది.

మర్నాడు పోలమ్మప్ప తన చుక్కల పెట్టనొకదాన్ని చంకలో పెట్టుకుని తెచ్చి, నాకు పాలికిచ్చింది. పాలికివ్వడమంటే, కోడి ఆమెది, తిండీ కాపలా మావి, లేచిన పిల్లల్లో చెరి సగం. మా అత్తగారు కాదనడానికి లేకుండా పోయింది, ఎందుకంటే ఊళ్ళో పాలికి ఇచ్చిన దాన్ని తిప్పి పంపడం మర్యాద కాదు. అప్పుడు నాకు అర్థం కాలేదు గానీ, ఆ పాలు పేరు చెప్పి ఆమె రోజూ మా పెరట్లోకి వచ్చే దారి వేసుకుంది. తన సగం ఎలా ఉందో చూసుకోవడానికి వచ్చానంటే ఎవరు కాదంటారు?

అలా వచ్చి నేర్పింది. గుడ్డును సన్నకొస కిందికి ఉండేలా చోళ్ళ కుండలో గుచ్చాలి, వారం దాటితే పొదుగుకి పనికిరాదు. పోగేసినన్నాళ్ళూ రోజుకొకసారి కుండను ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒరగేయాలి. గూటిలో గడ్డి కింద ఒక ఇనప మేకు, ఒక బొగ్గు ముక్క పెట్టాలి, ఉరుములకి గుడ్లు అదరకుండా. అది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. ఇప్పటికీ పెడతాను. పొదుపు నా పుట్టుగుణం కాబట్టి ఒకసారి పదిహేడు గుడ్లు పోగేసి, ఒక్క కోడి కిందే పెట్టబోయాను. ఆమె చేతి మీద ఒక్కటి కొట్టింది.

"దాని రెక్కలెంతున్నాయో సూడు. రెక్క కిందకి రాని గుడ్డు సల్లారిపోతాది. రోజూ దొర్లిస్తాది కదా, ఈ రోజు ఈ గుడ్డు సివరనుంటాది, రేపు ఇంకోటి. నాలుగు ఎక్కువెట్టి పదమూడూ పోగొట్టుకుంటావు. ఏటి ఆశే నీది?"

ఏడో రోజు గుడ్లను చూసేవాళ్ళం. వాళ్ళ వెనకింటి తలుపుకి ఒక కంత ఉండేది. పొద్దున్న ఎండ తిన్నగా తలుపు మీద పడే వేళ, గది తలుపులు మూసి, ఆ కంతకు గుడ్డును ఆనించి పట్టుకుంటే, ఎండ గుడ్డు లోపలికి దూరేది. మొదటిసారి నేను చూసినప్పుడు ఎర్రటి వెలుగు మధ్య సాలీడు కాళ్ళు చాపినట్టు నరాలు, నడుమ ఒక చుక్క టకటకా కొట్టుకుంటూ కనిపించాయి. నేను గుడ్డు వదిలేయబోయాను. ఆమె కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. "గుండె. ఏడు రోజులకే దానికి పనుంది సూడు. మనమింకా పళ్ళే తోమలేదు" అంది. ఆ చీకటి గదిలో, ఆమె భుజం నా భుజానికి తగులుతూ, ఇద్దరం ఒకే కంతలోంచి చూసిన ఆ పొద్దులు నాకు మళ్ళీ కావాలి. ఏ వయసులో ఏం కావాలని దేవుడు అడిగితే, నేను అడిగేది అదే.

ఆ ఏడాది రెండో పొదుగులో ఒక తప్పు చేశాను. ఒక పిల్ల గుడ్డుకి చిల్లు పొడిచి, ముక్కు బయటపెట్టి, పొద్దుటి నుంచి కీచుకీచుమంటూ అక్కడే ఉండిపోయింది. నాకు జాలేసింది. గోటితో పెంకు ఒలిచాను. లోపలి పొరలో సన్నటి నరాలుంటాయని తెలియదు. రక్తం వచ్చింది. పిల్ల బయటపడింది గానీ, బొడ్డు ఆరలేదు, సాయంత్రానికి వాలిపోయింది. పోలమ్మప్ప తిట్టలేదు. నా కుడిచేతిని తీసి తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఒట్టెయ్. ఇంకెప్పుడూ గిల్లనని ఒట్టెయ్. దాని పని దాన్ని సేసుకోనీ. ముక్కు బైటెట్టినాక అది పడుకుంటాది, లోపలున్న నెత్తురంతా ఒంట్లోకి పీల్చుకుంటాది. మనకి ఆగిపోనట్టుంటాది. అది ఆగడం కాదు. కోడికి తెలుసది. ఏ కోడైనా గిల్లుతాదేటి?"

ఒట్టు వేశాను. ఆ ఒట్టు గుడ్ల దగ్గర ఆగలేదు. నా పిల్లలను పెంచింది దానితోనే. పడితే లేపలేదు. లెక్క రాకపోతే పక్కన కూర్చోలేదు. నా కూతురు నర్సు చదువుకి విశాఖపట్నం పోయి, నెలకే హాస్టల్లో ఉండలేనని ఏడుస్తూ వచ్చేస్తే, అన్నం పెట్టి, జడ వేసి, సాయంత్రం బస్సుకే తిరిగి ఎక్కించాను. నిలదొక్కుకుంది, ఉద్యోగం చేస్తోంది. అమ్మది రాతి గుండె అని ఇప్పటికీ అంటుంది. బస్సు దగ్గర నుంచి వస్తుంటే పోలమ్మప్ప దడి దగ్గర నిలబడి ఉంది. "ఒక్క రాత్రి ఉంచుకోవాల్సిందే. పిల్ల కదే, గుడ్డు కాదు" అంది. నేర్పిందే నువ్వు కదా అని మనసులో అనుకుని, ఇంట్లోకి వెళ్ళిపోయాను. ఆ మాట మీద ఇంకాసేపు నిలబడవలసింది.

ఏళ్ళు గడిచాయి. ఆమె భర్త పోయాడు, నా భర్త పోయాడు. ఆమె కళ్ళకు ముందు పొర వచ్చింది, తరవాత ఏదో నరం దెబ్బతిని, చూపు పూర్తిగా పోయింది. కోళ్ళను మాత్రం వదల్లేదు. అడుగుల చప్పుడుతో ఏ కోడో చెప్పేది. ఊరు ఖాళీ చేయాలన్న మాట ఖాయమైన ఏడాదే కొక్కెర తెగులు వచ్చింది. వారం తిరక్కుండా ఊళ్ళో కోళ్ళన్నీ మెడలు తిరిగి పడిపోయాయి. ఆమె చుక్కల కోళ్ళలో ఒకే ఒక్క ముసలి పెట్ట బతికింది. జీడి తోట కాపలావాడి పుంజొకటి దాని దగ్గరికి వచ్చిపోయేది. అది నాలుగు నెలల తరవాత, ఎవరూ ఆశపడనప్పుడు, తొమ్మిది గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చుంది. అది పెట్టే ఆఖరి గుడ్లు అవేనని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. వాటిలోంచి ఒక్క పెట్ట లేస్తే వాళ్ళమ్మ ఇంటి కోడి నిలుస్తుంది. లేకపోతే లేదు.

అది పొదుగుకి కూర్చున్న పన్నెండో రోజుకి ఊళ్ళో ఆమె ఇల్లొక్కటే మిగిలింది. నేను అంతకు వారం ముందే కాలనీకి వచ్చేశాను. ఆమె కొడుకు అప్పలరాజు మా వాకిట్లోకి వచ్చి కూలబడ్డాడు.

"పిన్నీ, నువ్వు రావాల. అమ్మ లెగనంటన్నాది. కోడి లెగిసినాక నానూ లెగుత్తానంటాది. అవతల ఇళ్ళు తీసీడానికి మిసను వచ్చీసినాది. పాపం ఆలు కూడా ఇంకో రోజాగుతామన్నారు. తొమ్మిది రోజులాగమంటే ఎలగాగుతారు?"

నేను వెళ్ళేసరికి ఆమె గూటి పక్కన చాప మీద కూర్చుని ఉంది. ఇంటికి తలుపులు లేవు, ముందే ఊడదీసి బండికెక్కించారు. ఎండను పట్టిన ఆ కంత తలుపు కూడా పోయింది. నా అడుగు విని, "వచ్చినావా సూరీ? నువ్వు కూడా లెగమంటావేటి?" అంది.

"లెగాల అప్పా. కోడినీ గుడ్లనీ నాను తెత్తాను. పొద్దు గుంకినాక కదిపితే కోడి బెదరదని నువ్వే సెప్పినావు కదా."

చేత్తో కోడి వీపు నిమిరింది. ఆఖరికి, "గుడ్లు నీ ఒళ్ళో ఎట్టుకో. ఇంకెవులికీ ఇయ్యకు" అంది. సందెవేళ బయలుదేరాం. సామాన్లబండి ముందు సీట్లో, బుట్టలో దూది పరిచి, గుడ్లు పేర్చి, నా చీర కొంగు కప్పి, ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన ఆమె, ఆమె చేతుల్లో గుడ్డ కప్పిన గంప, గంపలో కోడి. గతుకు వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి నా బుట్ట మీదికి వచ్చేది. కొత్త కాపురానికి వచ్చిన ఆ రోజు కుండ ఆమె ఒళ్ళో ఇలాగే ఉండి ఉంటుందని అప్పుడు నాకు తోచింది. చెప్పలేదు. అలాంటివి చెప్పడం నాకు చేతకాదు.

కొత్త ఇంట్లో కోడి కూర్చోలేదు. నున్నటి సిమెంటు నేల, కొత్త రంగు వాసన. మూలకు గూడు కట్టి, చీకటి చేసి పెట్టినా, లేచి లేచి గుమ్మం వైపే పోయేది. రెండో రోజు పొద్దున్న గుమ్మం దాటింది. కాలనీ కుక్కలు దాన్ని పాత ఊరి దారిలో పట్టుకున్నాయి. అప్పలరాజు ఈకలు తెచ్చి చూపించి, ఏడ్చినంత పని చేశాడు. పోలమ్మప్ప ఏడవలేదు. బుట్ట ఎక్కడుందని అడిగి, ఒక్కొక్క గుడ్డూ తీసి రెప్పలకు ఆనించింది.

"ఇంకా సల్లారిపోలేదే. కోడి నేకపోతే మనం నేమేటి? ఊక ఏపు."

ఊకను మూకుట్లో వేయించి, పాత చీర గుడ్డలో మూటలు కట్టాం. బుట్ట అడుగున ఒక మూట, పైన దూది, దూది మీద గుడ్లు, వాటి పైన పలచని గుడ్డ, దాని మీద ఇంకో మూట. మూట చల్లారేసరికి ఇంకొకటి సిద్ధం చేయాలి. గుడ్డుకి ఒక పక్క బొగ్గుతో గీత పెట్టాను, దొర్లించిందీ లేనిదీ తెలియడానికి. నేను మూటలు వేడిచేసేదాన్ని, ఆమె రెప్పతో చూసి "సాలు" అనేది, లేదా "ఇంకొంచెం" అనేది. ఒకసారి నా మూట మరీ వేడిగా ఉంటే, "ఇగురెడుతున్నావేటే!" అని కసిరింది. ఇంటికి పోయి స్నానం చేసి వచ్చేదాన్ని, అంతే. అన్నం అక్కడే, పడక అక్కడే. యాభై ఏళ్ళు దడికి అటూ ఇటూ ఉన్నాం గానీ, ఒకే కప్పు కింద ఉన్నది ఆ కొద్ది రోజులే. ఎప్పుడూ చెప్పనివి చెప్పింది. వాళ్ళమ్మ కుండలో గుడ్లు గుచ్చుతూ ఏడవలేదనీ, రైలు కదిలాక మాత్రం పట్టాల వెంట కొంతదూరం నడిచిందనీ చెప్పింది. "ఆ రోజు నన్ను సూసి నడిచినాదో, కుండ పగులుతాదని నడిచినాదో నాకు తెల్దు" అని నవ్వింది.

పద్దెనిమిదో రోజు ఫోను టార్చితో చూశాను. తొమ్మిదింటిలో ఐదు ఆగిపోయాయి, నాలుగు బతికి ఉన్నాయి. ఆ రోజు నుంచి దొర్లించడం మానేశాం. ఒక రోజు ఆలస్యంగా, ఇరవై రెండో రోజు పొద్దున్న మొదటిది లేచింది. తడి ఆరగానే ఆమె చేతిలో పెట్టాను. వేలితో తల మీద రాసి, అడిగింది.

"కాటుకున్నాదా?"

ఆ జాతిలో పెట్టగా పెరిగే పిల్లకు కంటి వెనక, కాటుక లాగి దిద్దినట్టు నల్లటి గీత ఉంటుంది. పుంజు పిల్లలకు ఉండదు. గీత చేతికి తెలియదు కాబట్టి నన్నడిగింది. చూశాను. లేదు. రెండోదానికీ లేదు. మూడోది సాయంత్రం లేచింది, దానికీ లేదు. "ముగ్గురు మగోళ్ళు. బాగానే ఉన్నాది సంబడం" అంది. నాలుగోది మధ్యాహ్నమే ముక్కు బయటపెట్టి కీచుమంటోంది. ఇక ఆశ దాని మీదే.

మర్నాడు పొద్దుటికీ అది అలాగే ఉంది. చిల్లు పెద్దది కాలేదు. పోలమ్మప్ప గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని విన్నది. చిల్లు అంచును చిటికెన వేలితో తడిమింది.

"సూరీ, దీన్ని గిల్లాలే. పొర ఎండిపోనాది. పిల్ల తిరగలేకపోతన్నాది. నాకు సూపు నేదు గానీ, ఉంటే నానే తీసీదును. గోరుతోటి మెల్లగ ఇప్పు, తడిగుడ్డ ఎట్టుకో."

"అప్పా, గిల్లనని నా సేత ఒట్టెయించుకున్నావు."

"అది కోడి కింద గుడ్డుకి సెప్పినానే. కోడి ఒంట్లో సెమ్మ ఉంటాది. ఇది ఊక మూట కింద గుడ్డు."

ముసలితనం ఆమె మనసును మెత్తబరిచిందనుకున్నాను. ఆఖరిది కదా, ఆత్రపడుతోందనుకున్నాను. నెత్తురు కారుతూ వాలిపోయిన ఆనాటి పిల్ల నా కళ్ళ ముందుంది. "దాని పని దాన్ని సేసుకోనీ" అని ఆమె మాటే ఆమెకు తిరిగి చెప్పాను. గట్టిగానే చెప్పాను. నా కూతురికి చెప్పినట్టు చెప్పాను.

ఆమె మరి అడగలేదు. గుడ్డును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. యాభై ఏళ్ళలో ఆమె నాకు ఇచ్చినవి ఎన్నో, నన్ను అడిగింది మాత్రం అదొక్కటే. మధ్యాహ్నం దాకా కీచుమంటూనే ఉంది. ఎండ గుమ్మం దాటే వేళకు, "ఇంక మాటాడ్డం నేదే" అని, గుడ్డును నా వైపు చాపింది.

పెరటి వైపు తీసుకుపోయి, పెంకు విప్పాను. లోపలి పొర ఉల్లిపాయ పొట్టులా ఎండి, బిగుసుకుని, పిల్ల ఈకలకు అతుక్కుపోయి ఉంది. ఎక్కడా ఒక్క చుక్క నెత్తురు లేదు. నరాలు ఎప్పుడో ఇంకిపోయాయి. గిల్లితే రక్తం వచ్చేది కాదు. తడిగుడ్డ ఒత్తి, గోటితో ఇంత చీలిస్తే వచ్చేసేది. ఆమె చూపు లేకుండా చెప్పింది, నేను చూపుండి చూడలేదు. పిల్ల తలను కొంగుతో తుడిచాను. తుడిచి చూశాను. గోడవతల గొయ్యి తీసి పూడ్చి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చాను.

"ఇప్పి సూసినావా?" అని అడిగింది.

"సూసినాను."

"కాటుకున్నాదా?"

"నేదు అప్పా" అన్నాను.

ఆమె తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. "అయితే పుంజే. పోనీలే. నలుగురు మగోళ్ళని ఎట్టుకుని ఏటి సేత్తాం? నువ్వు గిల్లకపోడమే మంచిదైనాది" అని, తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి ఇంకా తడిగా ఉంది. తన చీరతో తుడిచింది.

మరుసటి వేసవికి ఆమె పోయింది. ఆ మూడు పుంజులూ తెల్లవారుజామున ఒకదాని మీద ఒకటి పోటీపడి కూస్తుంటే, "కాలనీలో ఒక్కడూ పడుకోడు, అందరూ నన్నే తిడతారు" అని సంతోషపడేది. చెప్పేద్దామని రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి చుట్టాలున్నారు. ఇంకోసారి ఎవరూ లేరు, నేను చేపల పులుసు తిని, వంట బాగుందని చెప్పి, వచ్చేశాను. ఆమె నా చెయ్యి తుడిచి వదిలేసింది, జరగని దాన్ని క్షమించి వదిలేసింది. జరిగింది నా దగ్గరే ఉండిపోయింది.

ఉన్నాది అప్పా. కాటుకున్నాది. రెండు కళ్ళకీ.